అడుగునకు అంగుళము



నేడు చిన్నబండ్లను గూర్చి మీతో ముచ్చటింపదలచితిని. చిన్నబండ్లనగా పిల్లవాండ్రు ఆడుకొను బొమ్మబండ్లే. కాని కొలత తప్పక చేసినవి, రంగు తీరుగా వేసినవి. ఇది పెద్దలు వినదగిన విషయమా యని మీలో కొందఱికి తోచవచ్చును. ఈ పని పిల్లలకొఱకు మొదలై పెద్దలవలన నెరవేరునది. ఎడ్లబండి కొలతలు మనసున నిలుపుకొన్నవారు ఇప్పుడు ఒక్కొక్క గ్రామమున వేళ్ళమీద లెక్కింపదగినంతమంది మాత్రమే యున్నారు. వారు మీరే.

నా చిన్నతనమున, జమ్మలమడుగు ప్రాంతమునందలి మా పల్లెలో, జొన్నకోతలు ముగిసినతోడనే పిల్లలమందఱము చొప్పదంట్లతో బండ్లు కట్టెడివారము. దంటు పైపేడు ఒలిచి నొగలు, ఆకులు చేసెడివారము. లోపలి బెండును చక్రపు కుండగాను, కాడిగాను అమర్చెడివారము. కొంత పెద్దవాడనైన పిమ్మట, మా జేజినాయన బండిని చూచుచు, టేకుముక్కలతో ఒక బండి చేసితిని. దానికి ఎఱ్ఱరంగు పూసి, గర్వముతో ఊరి వడ్రంగియొద్దకు తీసికొనిపోయితిని. ఆయన దానిని చేతిలో త్రిప్పి చూచి, “ఏమప్పా, బండి బాగుండాది గానీ, దీన్ని లాగే ఎద్దులు యాడుండాయి? ఈ కాడి కింద కుక్కలు గూడా దూరవే!” అని నవ్వెను. నా ముఖము చిన్నబోవుట చూచి, ఒక దారమును తెచ్చి, మా జేజినాయన బండివద్దకు నన్ను తోడ్కొనిపోయి, చక్రపు ఎత్తు కొలిచి చూపి, “అడుగుకు అంగుళం. అంతే. ఇంక దేన్నీ కంటితో చూసి చెయ్యొద్దు” అనెను. నేటి ప్రసంగమంతయు ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

బొమ్మబండి చిన్నవిషయము కాదనుటకు చరిత్రయే సాక్షి. హరప్పా, మొహెంజొదారోలలో త్రవ్వినప్పుడు మట్టితో చేసి కాల్చిన చిన్నబండ్లు దొరకినవి. అవి 4,000 ఏండ్లకు పైబడినవి. ఆనాటి కొయ్యబండ్లు చెదలు తిని మన్నైపోయినవి. అప్పటి బండి యెట్లుండెడిదో మనము కొంతవఱకైనను ఊహింపగలుగుట ఆ మట్టిబొమ్మలవలననే. 1974లో మహారాష్ట్రములోని దైమాబాదున కంచుతో పోసిన చిన్నరథ మొకటి బయటపడినది. సుమారు మూరెడు పొడవు. రెండెడ్లు, వెనుక నిలుచున్న మనుష్యుడు. శూద్రకుని ‘మృచ్ఛకటికము’నకు ఆ పేరు వచ్చినదియు ఒక మట్టిబండివలననే. పొరుగువాని బంగారుబండిని చూచిన చారుదత్తుని కుమారుడు, తనకిచ్చిన మట్టిబండి వలదని యేడ్చును. ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకు పేరుపొందిన పట్టణము గనుక, అచ్చటివారు నన్ను మన్నింతురుగాక: కొలత కుదిరిన మట్టిబండి, కొలత తప్పిన బంగారుబండికంటె విద్యలో అధికమని నా యభిప్రాయము.

పరదేశములలోను ఈ విద్యకు మన్నన కలదు. అమెరికాలో మోటారుకార్ల పైకట్టు నిర్మించు ఫిషర్ బాడీ సంస్థ 1930లో బాలురకు ఒక పోటీ నేర్పరచినది. నెపోలియన్ కాలపు గుఱ్ఱపుబండి నమూనాను కొలతప్రకారము చేసి పంపవలెను. గెలిచినవారికి విశ్వవిద్యాలయములలో చదువుటకు ధనసహాయము లభించెడిది. పిమ్మట మోటారుకారు నమూనాలను, అడుగునకు అంగుళము చొప్పున, చేయించిరి. ఈ పోటీ 1968వఱకు సాగినది. అందు పాల్గొన్న బాలురలో పెక్కుమంది తరువాత కార్ల రూపకల్పనలో ఉద్యోగులైరి. మన పల్లె వడ్రంగి దారముపట్టి చెప్పిన కొలతయే అచ్చటను నడచినదన్నమాట.

ఇక పనిలోనికి వత్తము. మొదటిది కొలత. మూర, జాన మనిషినిబట్టి మారును గనుక టేపు వాడుడు. చక్రపు ఎత్తు, కుండ పొడవు, ఆకుల సంఖ్య, చక్రముల నడిమి యెడము, నొగల పొడవు, నేలనుండి కాడి ఎత్తు - వీనిని ఒక నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. అయిదడుగుల చక్రము అయిదంగుళములగును. పండ్రెండడుగుల నొగ పండ్రెండంగుళములగును. మూడంగుళముల మందము పావు అంగుళమునకు దిగును. ఇంకను చిన్న కొలతలకు బడిపిల్లల మిల్లీమీటరు స్కేలు సులభము: అసలు బండిలోని ఒక్క అంగుళమునకు నమూనాలో సుమారు రెండు మిల్లీమీటర్లు. కొలిచినదంతయు పెద్ద కాగితముపై పక్కనుండియు, పైనుండియు చిత్రించి, ఆ చిత్రముపైననే ముక్కలు పెట్టి సరిచూచుకొనుచు చేయవలెను.

రెండవది కఱ్ఱ. పెద్దబండికి తుమ్మకఱ్ఱ తగును. చిన్నబండికి అది ఉలికి లొంగదు. కొండపల్లివారు తెల్లపొణికిని, ఏటికొప్పాకవారు అంకుడును కోరుట అవి మెత్తగా తెగుటచేతనే. మనకు అవి దొరకకున్నను వడ్రంగిశాలలో మిగిలిన టేకుతునకలు చాలును. పచ్చికఱ్ఱ పనికిరాదు, నీడలో బాగుగా ఆరినదే కావలెను, లేనిచో వేసవి రాగానే ఆకులు కుండలో వదులగును. ఎఱ్ఱచందనము జోలికి మాత్రము పోవలదు. అనుమతిలేక దానిని నఱకుటయు, దాచుటయు చట్టవిరుద్ధము. టేకును ముట్టుటకు ముందు ఒక్కమాఱు చొప్పదంట్లతో బండి కట్టి చూచుట మంచిది. పొరపాట్లన్నియు బెండుమీదనే జరిగిపోవును, కఱ్ఱ మిగులును.

మూడవది చక్రము. చిన్నబండి పరువు దానియందే యున్నది. కాగితముపై వృత్తము గీచి, వృత్తలేఖినిని అదే వెడల్పున నుంచి అంచువెంబడి నడపినచో సరిగా ఆఱు అడుగులలో మొదటి చోటికి వచ్చును. ఆ భాగములను రెండేసిగా చేసినచో పండ్రెండు ఆకులకు పండ్రెండు చోట్లు కుదురును. గుండ్రని కుండపై ఆ గుర్తులెట్లు పెట్టుట? కుండచుట్టు ఒక కాగితపుపట్టీని సరిగా ఒక చుట్టు చుట్టి, దానిని విప్పి పండ్రెండు సమభాగములు చేసి, మరల చుట్టి, గుర్తులచోట సూదితో గ్రుచ్చుడు. ఆకులన్నియు ఒకే పొడవుగ నుండుటకు రెండు మేకుల నడుమ నొక్కొక్క ఆకును పెట్టి కోయవలెను. చుట్టుచెక్కలను రెండు పొరలుగా చేసి, పైపొర అతుకు క్రిందిపొర చెక్క నడుమకు వచ్చునట్లు తెల్లజిగురుతో అంటింపవలెను. పెద్దబండికి ఇనుపపట్టాను పిడకల నిప్పులో కాల్చి తొడిగి నీరు పోయుదురు. అది చల్లారి బిగియును. చిన్నబండికి డబ్బారేకు పట్టీ చాలును.

దీనికంతకును సమతలమైన పీట కావలెను. అది మనకు వేఱుగ వెదుకనక్కఱలేదు. నున్నగా తీసిన కడపబండ యుండగా మఱియొక పీట యెందులకు? దానిపై నూనెకాగితము పఱచి చక్రము నతికినచో వంకర పుట్టదు. బండి పూర్తియైన పిదప, దానినే ఆ బండపై మెల్లగా త్రోయుడు. తిన్నగా పోయిన మేలు. ఒకవైపునకు తిరిగిన, ఆ వైపు చక్రము చిన్నదైనను కావలెను, ఇరుసు అడ్డముగా సరిగా కూర్చుండకపోయినను కావలెను. కోపగింపక విప్పి సరిచేయుడు.

ఇచ్చట ఒక చిక్కు చెప్పవలెను. పొడవు పండ్రెండవ వంతైనప్పుడు, వెడల్పును, ఎత్తును అట్లే తగ్గును. పండ్రెండును మూడుమాఱులు గుణించిన 1,728. అనగా, కఱ్ఱయంతయు ఒకటే యైనను, చిన్నబండి బరువు పెద్దబండి బరువులో 1,728వ వంతు మాత్రమే. అందుచేతనే చిన్నబండి నేలపై నిలువక యెగిరెగిరి పడును. పలకక్రింద, ఇరుసు దాపున, కంటబడని తావున ఒక ఇనుపతునక బిగించినచో దానికి బండినడక వచ్చును.

ఇక మోటారుకారు. నేటి బాలురు ఎడ్లబండికంటె దీనినే ముందుగా కోరుదురు; కోరనిండు. అంబాసడరు కారును మీరందఱు ఎఱుగుదురు. 2014లో దాని తయారు నిలిచిపోయినది. ఆ కారు పొడవు 14 అడుగులకు కొంచెము హెచ్చు, వెడల్పు అయిదున్నర, ముందు వెనుక ఇరుసుల నడుమ ఎనిమిది. అడుగులను అంగుళములు చేసిన నమూనా కొలత సిద్ధము. ఒక దిమ్మెపై పక్కరూపమును గీచి రంపముతో కోసి, తరువాత పైరూపమును గీచి కోసి, అంచులను ఉలితోను, ఆకురాయితోను గుండ్రన చేయవలెను. కుడియెడమలు సమముగా వచ్చుటయే యిందు కష్టము. దీనికి ఉపాయము: ఒక ప్రక్క వంపునకు అట్టను కత్తిరించి, అదే యట్టను త్రిప్పి రెండవప్రక్క కానించి చూడుడు; వెలుతురు కనబడినచోట హెచ్చుతగ్గు ఉన్నది. పిమ్మట కారును అద్దములో చూడుడు. అలవాటుపడిన కంటికి దాగిన వంకర అద్దములో తప్పక బయటపడును. సైకిలుపుల్ల చక్కని ఇరుసు; సిరా అయిపోయిన పెన్ను రీఫిలుగొట్టములో దానిని దూర్చిన చక్రము తడబడక తిరుగును.

కఱ్ఱపని ముగిసినచో సగము పని ముగిసినది. రంగువేయుటలో తొందరపడి నేను చెడగొట్టుకొన్న బండ్లు ఒకటి రెండు కావు. కఱ్ఱను ఉప్పుకాగితముతో నున్నగా రుద్ది, తడిగుడ్డతో తుడిచి ఆరనిండు. కఱ్ఱపీచు లేచి చేతికి గరుకు తగులును, మరల రుద్దుడు. ఇట్లు రెండుమాఱులు చేసిన తరువాత రంగు వేసినను పీచు లేవదు. సందులను పూడ్చుటకు కొండపల్లివారి పద్ధతి మంచిది: రంపపుపొట్టును చింతగింజల జిగురుతో మెదిపి మెత్తి, ఆరిన పిమ్మట రుద్దుదురు. ఆపై తెల్లపూత ఒకటి పూసిన రంగులు తేటగా నిలుచును. ఒక దళసరిపూతకంటె మూడు పలుచనిపూతలు మేలు. మొదటిది పూర్తిగా ఆరక రెండవది వేయరాదు. మన సీమలో ఎండ, గాలి, దుమ్ము మూడును రంగునకు శత్రువులే. ఎండలో పైపొర ముందుగా ఎండి ముడుతలుపడును. కావున గాలి లేవకముందే, వేకువనే, నేలపై నీరు చల్లి నీడలో పూసి, పూసినదానిపై చిల్లులుగల పెట్టెను బోర్లింపుడు.

రంగు ఎంపికలో ఒక సూక్ష్మము. గండికోట కొండలను దూరమునుండి చూచినచో పలుచని నీలిగా కనబడును. దగ్గఱకు పోయిన ఎఱ్ఱగను, ముదురుగను ఉండును. పండ్రెండడుగుల దూరమునుండి చూచు బండియును, ఒక్క అడుగు దూరమునుండి చూచు పండ్రెండవవంతు బండియును కంటికి సమానముగా కనబడును. కాని దూరము కలిగించు ఆ వెలవెలపాటు చిన్నబండికి లేదు. కావున అసలు రంగులో ఒకింత తెలుపు కలుపవలెను, మెఱుగు తగ్గింపవలెను. లేనిచో అది బండివలె గాక చక్కెరబొమ్మవలె మెఱయును.

పనిచేసిన బండికి పనిచేసిన గుర్తులుండవలెను. కుంచెను రంగులో ముంచి, గుడ్డపై దాదాపు పొడియగువఱకు తుడిచి, అంచులపై తేలికగా ఆడించినచో అరిగిన వన్నె వచ్చును. పలుచని నల్లనీటిని సందులలో పాఱించి పైభాగము తుడిచిన లోతు కనబడును. ఇక దుమ్ము. దీనికి రంగు కొననేల? మీ చేని మన్నే తెచ్చి, పలుచని గుడ్డలో వస్త్రగాలితము చేసి, జిగురునీటితో చక్రములకు అద్దుడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రేగడిచేలలో తిరిగిన బండికి నల్లమన్ను, పులివెందుల ప్రాంతపు వేరుసెనగచేల బండికి ఎఱ్ఱమన్ను. చూచినవాడు ఊరిపేరు చెప్పగలవలెను.

పెద్దలు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి ఇప్పుడు చెప్పెదను. పసివాడు ఏ బొమ్మనైనను ముందు నోటబెట్టుకొనును. మన పూర్వులు వాడిన రంగులలో కొన్ని విషములు. సిందూరము సీసమునుండి పుట్టినది. సఫేదాయను పాతతెలుపును అట్టిదే. ఇంగిలీకములో పాదరసమును, హరిదళములో పాషాణమును ఉన్నవి. సీసము కొంచెము కొంచెముగా లోపలికి పోయినను పిల్లల మెదడును చెఱచును. చెడిన పిదప దానిని మరల బాగుచేయు మందు లేదు. అందుచేతనే 2016లో భారత ప్రభుత్వము ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని నియమము చేసినది. అది 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. కావున సీసము లేదని డబ్బాపై వ్రాసిన రంగునే కొనుడు. ఇంటిలోని పాతతలుపు రంగును గీకి, ఆ పొడిని పిల్లలదరి రానీయకుడు. పులివెందుల దాపున ఒకప్పుడు రాతినారను త్రవ్వెడివారు. అట్టి నార ఎచ్చటనైన మిగిలియున్నను సందులు పూడ్చుటకు వాడవలదు. దాని దుమ్ము ఊపిరితిత్తులను చెఱచును.

భయపడవలసిన పనిలేదు, మేలైన రంగులును మనవద్ద కలవు. ఎఱుపునకు జాజు, నలుపునకు దీపపుమసి, తెలుపునకు సుద్ద, నీలమునకు నీలిమందు. 19వ శతాబ్దమున కడపజిల్లాలో నీలిపైరు విరివిగా పండినదే. పసుపు చక్కగా నుండును గాని ఎండకు వెలిసిపోవును. ఇంటిలోపల నుంచు బొమ్మకే దానిని వాడుడు. ఏటికొప్పాక పనివారు చెట్లరంగులను లక్కలో కలిపి పిల్లలబొమ్మలకు పూయుచున్నారు. వాని మెఱుగు ఏ డబ్బారంగునకును తీసిపోదు.

శ్రోతలారా, చివఱకు నా తప్పిదము నొకదానిని చెప్పి ముగించెదను. మా జేజినాయన బండి ఆయన పోయిన పిదప చాలకాలము దొడ్డిలో వాననీటికి నానినది. ట్రాక్టరు వచ్చిన ఇంట బండి కెవరు నూనె పెట్టుదురు? ఒక వేసవిని నేను ఊర లేనప్పుడు దానిని కట్టెలకు అమ్మివేసిరి. తిరిగివచ్చి చూచితిని గదా, దొడ్డిలో చక్రములు నిలిచినచోట రెండు గుంటలు మాత్రము మిగిలినవి. ఇంటిలో వెదుకగా, నేను బాల్యమున చేసిన ఎఱ్ఱబండి అటకమీద దొరకినది. ఊరి వడ్రంగి నవ్విన ఆ బండియే. ఆయన చెప్పిన పిదప నేను సరియైన కొలతతో వేఱొకటి మొదలుపెట్టి, ఒక చక్రము చేసి, ఆటలలోపడి విడిచితిని. ఆ ఒక్క చక్రమును ఎఱ్ఱబండిక్రిందనే దొరకినది. దానిని కొలిచి, అంగుళమును అడుగుగా పెంచినచో, నా జేజినాయన బండిచక్రము ఎంత యెత్తో, దాని కుండ ఎంత పొడవో నేడును చెప్పగలను. ఆ బండి కాడి ఎంత ఎత్తున నుండెడిదో, నొగల వంపు ఎట్లుండెడిదో చెప్పలేను. వడ్రంగియు నేడు లేడు.

కొలతగల చిన్నబండికి ఈ గుణమొకటి కలదు: పెద్దదానినుండి చిన్నది పుట్టినట్లే, చిన్నదానినుండి పెద్దది మరల పుట్టగలదు. కన్నంచనాతో చేసినది అందమైన ఆటవస్తువు కావచ్చును గాని, దానినుండి బండి మరల లేవదు.

మీ దొడ్డిలోనో, మీ పొరుగువారి కొట్టములోనో ఇంకను ఒక కొయ్యబండి నిలిచియుండవచ్చును. ఈ ఆదివారము మీ మనుమని పిలిచి, టేపు వానిచేతికిచ్చి, నోటుపుస్తకము మీరు పట్టుకొనుడు. వాడు కొలుచునప్పుడు ఒక్కొక్క అంగము పేరు బిగ్గఱగా చెప్పుడు: కుండ, ఆకు, ఇరుసు, కడచీల, నొగ, కాడి. వాడు దానిని మోటారుబండి చక్రములతో పోల్చి ప్రశ్నలు వేయును, విసుగుకొనకుడు. చక్రము మొదటిసారి వంకరగా వచ్చును. రెండవసారి కొంత సరియగును. మూడవదానిని కడపబండపై దొర్లించి చూచునాటికి, బండికొలత మీ యింట మఱియొక తరమునకు దక్కియుండును.